లాంకాస్టర్ ఆమిష్ పల్లెలకు వెళ్ళేవాళ్ళకు: ఒక రిటైర్డ్ వ్యవసాయ ఉద్యోగి చెప్పే మాటలు

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు ఒక లిస్టు రెడీగా ఉంటుంది. నయాగరా, న్యూయార్క్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, హెర్షీ చాక్లెట్. హెర్షీ పక్కన ఎక్కడో చిన్నక్షరాల్లో ‘ఆమిష్ విలేజ్, టైముంటే’ అని రాసి ఉంటుంది. ఆమిష్ అంటే పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ చుట్టుపక్కల గుర్రబ్బళ్ళతో, పాత పద్ధతుల్లో బతికే క్రైస్తవులు. నా మాట వింటే ఆ పేరును పైకి జరపండి. వచ్చిన పెద్దవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు నాగలి పట్టినవాళ్ళో, పాలు పితికినవాళ్ళో అయితే మొదటి వరసలోనే రాసుకోండి.

నేను ప్రకాశం జిల్లాలో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పొగాకు, శనగ, మిరప పొలాల గట్ల మీదే గడిచింది. మా అమ్మాయి, అల్లుడు ఫిలడెల్ఫియాకు పడమరగా ఎక్స్‌టన్‌లో ఉంటారు. అక్కడి నుంచి కారులో గంటలోపే ఆమిష్ పొలాలు మొదలవుతాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చేవాళ్ళకు రెండు, రెండున్నర గంటలు. అక్కడికి మనవాళ్ళు వచ్చే తీరు, చూసి వెళ్ళే తీరు గమనించాక ఇది రాయాలనిపించింది. చాలామంది బగ్గీ ఎక్కి, జంతికలాంటి ప్రెట్జెల్ ఒకటి తిని, ‘పాపం, కరెంటు కూడా లేదట’ అనుకుంటూ తిరిగి వెళ్ళిపోతున్నారు.

ఎవరు వీళ్ళు?

ఈ మాత్రం తెలుసుకుని బయల్దేరండి. 1525లో జూరిచ్‌లో కొందరు క్రైస్తవులు పసిపిల్లలకు బాప్టిజం ఇవ్వడం సరికాదని, మనిషి పెద్దయ్యాక తెలిసి ఒప్పుకుని తీసుకోవాలని పట్టుబట్టారు. అంతమాత్రానికే అక్కడి ప్రభుత్వాలు, చర్చీలు కలిసి వాళ్ళను వెంటాడాయి. నీళ్ళలో ముంచి, నిప్పుల్లో వేసి చంపాయి. ఆ వర్గంలోనే 1693 ప్రాంతంలో యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద, కట్టుబాట్లు ఇంకా గట్టిగా ఉండాలని వాదించి విడిపోయాడు. సంఘం వెలివేసినవాడితో కూర్చుని భోజనం కూడా చెయ్యకూడదన్నది ఆయన పట్టుదల. ఆయన పేరు మీదే ఆమిష్ అయింది. 18వ శతాబ్దంలో వాళ్ళు ఓడలెక్కి పెన్సిల్వేనియాకు వచ్చారు. విలియం పెన్ స్థాపించిన ఈ చోట ఎవరి మతం వాళ్ళదన్న భరోసా ఉండేది. యూరప్‌లో ఉండిపోయినవాళ్ళు మెల్లగా మెనొనైట్లలో, అంటే అమ్మాన్ విడిపోయి వచ్చిన పాత వర్గంలో, కలిసిపోయారు. 1937లో జర్మనీలో చివరి సంఘం కూడా కలిసిపోయింది. ఇప్పుడు ఆమిష్ వాళ్ళున్నది ఉత్తర అమెరికాలోనే అనుకోవచ్చు. మొత్తం సుమారు 4 లక్షలు. ఒక్క లాంకాస్టర్ చుట్టుపక్కలే 40 వేలకు పైన.

అంతరించిపోతున్న జాతి అనుకుని జాలిపడకండి. ఇరవై ఏళ్ళకోసారి వాళ్ళ జనాభా దాదాపు రెట్టింపవుతోంది. ఒక్కో ఇంట్లో ఆరుగురు, ఏడుగురు పిల్లలు. పెద్దయ్యాక అందులో అత్యధికులు బాప్టిజం తీసుకుని అక్కడే ఉండిపోతారు.

వాళ్ళ సంఘం యూనిట్ చాలా చిన్నది. పాతిక నుంచి నలభై కుటుంబాలు కలిస్తే ఒక చర్చి. చర్చి అంటే కట్టడం ఏమీ ఉండదు. రెండు వారాలకోసారి ఆదివారం ఒకరింట్లో ప్రార్థన, అది మూడు గంటలు నడుస్తుంది. బెంచీలు బండిలో ఒకరింటి నుంచి ఇంకొకరింటికి వెళ్తాయి. పాటలు ఆస్‌బుండ్ అనే పాత జర్మన్ పుస్తకంలోవి. అందులో చాలా పాటలు 16వ శతాబ్దంలో జైళ్ళలో పడ్డవాళ్ళు రాసినవి. ఇంట్లో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస. మనతో మాట్లాడేటప్పుడు శుభ్రమైన ఇంగ్లిష్.

పాస్టరును ఎన్నుకునే పద్ధతి విని నేను చాలాసేపు అదే ఆలోచించాను. సంఘంలో ఆడా మగా అందరూ పేర్లు చెప్తారు. కొన్ని ఓట్లు దాటినవాళ్ళ ముందు తలా ఒక పాటల పుస్తకం పెడతారు. ఒక పుస్తకంలో బైబిలు వాక్యం రాసిన చీటీ ఉంటుంది. అది ఎవరికి వస్తే వాళ్ళు బతికినంత కాలం పాస్టరు. జీతం లేదు, ట్రైనింగ్ లేదు, వద్దనే వీలూ లేదు. సొసైటీ ఎన్నికలు, నీటి సంఘం ఎన్నికలు దగ్గర నుంచి చూసిన నాలాంటివాడికి ఈ పద్ధతి కొంచెం అసూయ కలిగించింది.

ఏ రోజు వెళ్ళాలి?

ఆదివారం వెళ్ళకండి. వీకెండ్ అంటే ఆదివారం అనుకునేవాళ్ళు ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆదివారం ఆమిష్ కొట్లు, రోడ్డు పక్క బల్లలు, వాళ్ళ వర్క్‌షాపులు అన్నీ మూత. శనివారం మంచిది. శుక్రవారం సెలవు పెట్టగలిగితే ఇంకా మంచిది, ఎఫ్రటా దగ్గర గ్రీన్ డ్రాగన్ అనే పెద్ద సంత శుక్రవారమే. లాంకాస్టర్ ఊరి మధ్యలో సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. 1889లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం, పొద్దున్నే వెళ్తే కూరగాయల బల్లల వెనక ఆమిష్ కుటుంబాలు కనిపిస్తాయి.

ఇంకో సంగతి. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే నలభయ్యో రోజు వచ్చే అసెన్షన్ గురువారం, అక్టోబర్ 11, డిసెంబర్ 26 కూడా వాళ్ళకు సెలవులు. అమెరికా క్యాలెండర్లో ఇవన్నీ ఉండవు. లేబర్ డే లాంటి అమెరికా సెలవులే చూసుకుని బయల్దేరేవాడు అక్టోబర్ 11న వెళ్ళి మూసిన తలుపులు చూస్తాడు.

సీజన్ సంగతి నన్ను అడిగితే ఆగస్టు, సెప్టెంబర్. కారణం పొగాకు, కింద చెప్తాను. ఏప్రిల్‌లో దుక్కులు, మే చివర అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం మొదటి కోత, జూలైలో గోధుమ, సెప్టెంబర్ నుంచి మొక్కజొన్న కోసి సైలోలు (మేత నిల్వ చేసే గోపురాలు) నింపడం. నవంబర్‌లో మంగళ, గురువారాలు వచ్చాయంటే పెళ్ళిళ్ళు. పొలం పని తగ్గాకే పెళ్ళి, మనకు కోతలయ్యాక ముహూర్తాలు పెట్టుకున్నట్టే. ఆ పెళ్ళి విందులు సెలరీ అనే కాడల కూర లేకుండా జరగవు. అందుకే వేసవిలో ఎవరి పెరట్లోనైనా సెలరీ మడులు మామూలుకంటే ఎక్కువ కనిపిస్తే ఆ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందని ఇరుగుపొరుగు నవ్వుకుంటారట.

రోడ్డు మీద

ఫిలడెల్ఫియా వైపు నుంచి రూట్ 30 మీద వచ్చి, వీలైనంత త్వరగా దాన్ని వదిలేసి రూట్ 340 పట్టుకోండి. 30 మీద ఔట్‌లెట్ మాల్సు, హోటళ్ళు, ట్రాఫిక్ తప్ప ఏమీ లేదు. 340 మీద ఇంటర్‌కోర్స్, బర్డ్ ఇన్ హ్యాండ్ అనే ఊళ్ళు వస్తాయి. మొదటి ఊరి పేరు అత్తమామల ముందు జీపీఎస్ గట్టిగా చదువుతుంది, సౌండ్ తగ్గించుకోవడం మీ ఇష్టం. అక్కడి నుంచి ఎడమకో కుడికో ఏదో ఒక చిన్న రోడ్డులోకి తిరగండి. అసలు పల్లె అక్కడ ఉంటుంది.

బగ్గీ గంటకు పది మైళ్ళ వేగంతో వెళ్తుంది, మీరు నలభై ఐదులో వస్తారు. మలుపు దాటగానే ఎదురవుతుంది. వెనక నారింజ రంగు త్రికోణం కనిపించగానే బ్రేకు మీద కాలు పెట్టండి. హారన్ వద్దు, గుర్రం బెదిరితే లోపల పిల్లలుంటారు. ముందు రోడ్డు బాగా కనిపించినప్పుడే, బగ్గీకి తగినంత దూరం వదిలి దాటండి. దాటుతూ పక్కన నెమ్మదించి, కిటికీ దించి వీడియో తీసే మనుషుల్ని నేను చూశాను. మన ఇంటి ముందు ఎవరైనా కారు ఆపి మనల్ని అలా తీస్తే ఏమంటామో అదే వాళ్ళూ అనుకుంటారు, కాకపోతే పైకి అనరు.

బగ్గీని ఎక్కడైనా కొట్టు ముందు కట్టేసి ఉన్నప్పుడు తీరిగ్గా చూడండి. లాంకాస్టర్‌లో పైకప్పు బూడిద రంగు. ఒహాయోలో హోమ్స్ కౌంటీవి నల్లవి. పెన్సిల్వేనియాలోనే బిగ్ వ్యాలీ అనే లోయలో తెల్లవి, పసుపువి, నల్లవి మూడూ ఉన్నాయి, ఒక్కో వర్గానికి ఒక్కో రంగు. లోపలికి తొంగి చూస్తే బ్యాటరీ, హెడ్‌లైట్లు, ఇండికేటర్ స్విచ్చి, కాలి కింద హైడ్రాలిక్ బ్రేకు. బాడీ చాలావరకు ఫైబర్‌గ్లాస్. లాగే గుర్రం స్టాండర్డ్‌బ్రెడ్ జాతిది, రేసుల్లో పరిగెత్తి రిటైరైన గుర్రాలు చాలా ఉంటాయి. రిటైరయ్యాక కూడా పని తప్పలేదన్నమాట.

‘కరెంటు లేదు’ అనే మాట

ఇది సగమే నిజం. సుమారు వందేళ్ళ కిందట లాంకాస్టర్ పెద్దలు వద్దన్నది బయటి లైను నుంచి వచ్చే కరెంటు. బ్యాటరీ వద్దనలేదు. ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాసు మీద నడుస్తుంది. వర్క్‌షాపులో రంపం, డ్రిల్లు గాలి ఒత్తిడి మీదో, హైడ్రాలిక్ నూనె మీదో తిరుగుతాయి. వెనక షెడ్డులో డీజిల్ ఇంజను కంప్రెసర్‌ను నడుపుతుంది. పాలు చల్లబరిచే ట్యాంకు ఉంటుంది, లేకపోతే డెయిరీ వాడు పాలు తీసుకోడు. ఇప్పుడు చాలా ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు కూడా కనిపిస్తున్నాయి. ఫోను ఇంట్లో ఉండదు, పొలం గట్టున చిన్న చెక్క గదిలో ఉంటుంది. కారు కొనకూడదు, అద్దె వ్యాను ఎక్కొచ్చు. అందుకే ఆమిష్ వాళ్ళను తిప్పే డ్రైవర్లు అక్కడ చాలామంది.

మా అల్లుడు ఇది విని ‘ఇదేం లాజిక్ మామయ్యా’ అన్నాడు. లాజిక్ ఉంది. ఏ వస్తువు వచ్చినా వాళ్ళు వేసుకునే లెక్క ఒకటే: ఇది ఇంట్లోకి వస్తే మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు వస్తారా, దూరం పోతారా? కారుంటే పిల్లలు దూరంగా పోతారు, పక్కవాడి అవసరం తగ్గుతుంది. గుర్రం రోజుకు ఎంత దూరం పోగలదో అంత దూరంలోనే బంధువులు, చర్చి, కొట్టు ఉండాలి. ఫోను గట్టున ఉంటే అవసరానికి వెళ్ళి మాట్లాడి వస్తారు. సైకిలు కూడా లాంకాస్టర్‌లో వాడరు, దాని బదులు కాలితో తోసుకుంటూ పోయే పెద్ద చక్రాల స్కూటరు. ఏ సంఘానికి ఆ సంఘం కూర్చుని తేల్చుకుంటుంది కాబట్టి ఒక ఊళ్ళో ఒప్పు, పక్క కౌంటీలో తప్పు కావచ్చు. ఈ కట్టుబాట్లను ఓర్డ్‌నుంగ్ అంటారు.

మొదట గైడు, తర్వాతే పల్లె

మన పెద్దవాళ్ళకు కుతూహలం ఎక్కువ. ‘స్నానం ఎలా చేస్తారు, ఆడపిల్లలు ప్రేమించి పెళ్ళి చేసుకుంటారా, ఎందుకు మీసం లేకుండా గడ్డం’ అని నేరుగా అడిగేస్తారు. ఇవన్నీ అడగదగ్గ ప్రశ్నలే, కానీ టమాటాలు అమ్ముకుంటున్న మనిషిని కాదు. అందుకని పొద్దున ముందు ఒక టూరుకు వెళ్ళండి. రూట్ 30 మీద ఆమిష్ ఫామ్ అండ్ హౌస్ 1955 నుంచి నడుస్తోంది. ఇల్లు చూపిస్తారు, బట్టలు చూపిస్తారు, అడిగినదానికల్లా జవాబు చెబుతారు. అక్కడ ఆమిష్ కుటుంబం కాపురం ఉండదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. మన కారులోనే ఎక్కి కూర్చుని పల్లెల్లో తిప్పే గైడులు కూడా దొరుకుతారు, ముందుగా మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇది బస్సు టూరుకంటే నయం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగి ఎక్కే బాధ తప్పుతుంది.

గైడు దగ్గరే తేల్చుకోవలసినవి కొన్ని చెప్పేస్తాను. పెళ్ళయిన మగవాడు గడ్డం పెంచుతాడు, మీసం తీసేస్తాడు. పాతకాలం యూరప్‌లో సైనికులు మీసాలు మెలేసేవాళ్ళు, యుద్ధం వీళ్ళకు నిషిద్ధం. ఆడవాళ్ళ గౌనుకు బొత్తాలుండవు, గుండుసూదులు. రంగులు ఊదా, నీలం, ఆకుపచ్చ, పువ్వుల ప్రింటు ఉండదు. పెళ్ళి కుదిర్చేది పెద్దలు కాదు, వాళ్ళే చూసుకుంటారు. పదహారు దాటాక పిల్లలకు కొంత స్వేచ్ఛ ఇస్తారు. టీవీలో చూపించినట్టు అందరూ తాగి తిరగరు, చాలామందికి అది ఆదివారం సాయంత్రాలు కలిసి పాటలు పాడుకునే వయసు. బాప్టిజం తీసుకున్నాక మాట తప్పితేనే వెలి. తీసుకోకుండా వెళ్ళిపోయినవాడికి వెలి లేదు.

చదువు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు. ఒకే గది ఉన్న బడి, ఒక పెళ్ళికాని అమ్మాయి టీచరు. దీనిమీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ తీర్పులో వాళ్ళదే పైచేయి అయింది. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. పదమూడు, పద్నాలుగేళ్ళకు పుస్తకం మూసేయడం పని నేర్చుకోవడానికే అన్నా, ఆ పిల్ల డాక్టరు అవుదామనుకుంటే దారేది? ఆడపిల్లను ఎంసీయే చదివించినవాణ్ణి, నేను ఒప్పుకోలేను. అయినా వాళ్ళ ఊరికి వెళ్ళి వాళ్ళతో ఈ వాదన పెట్టుకోను.

బడి కనిపిస్తే దూరం నుంచే చూడండి. 2006 అక్టోబర్ 2న నికెల్ మైన్స్ అనే చోట ఒకడు ఆమిష్ బడిలోకి తుపాకీతో చొరబడి ఐదుగురు ఆడపిల్లలను చంపాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు కొందరు హంతకుడి అంత్యక్రియలకు వెళ్ళి అతని భార్యను ఓదార్చి వచ్చారు. ఆ బడిని పడగొట్టేశారు, వేరేచోట కొత్తది కట్టారు. ఆ స్థలం ఎక్కడని వెతుక్కుంటూ వెళ్ళవద్దు.

ఫోటోలు

మనుషుల ముఖాలు తియ్యకండి. బైబిల్లో విగ్రహం చేయకూడదన్న ఆజ్ఞను వాళ్ళు ఫోటోకు కూడా వర్తింపజేస్తారు, పైగా తన బొమ్మ చూసుకుని మురవడం అహంకారమని భావిస్తారు. పొలం, సైలో, ఖాళీ బగ్గీ, చెక్క వంతెన తీసుకోండి. తీగ మీద ఆరేసిన బట్టలు దూరం నుంచి తీసినా ఎవరూ ఏమీ అనరు. సోమవారం వెళ్తే ప్రతి ఇంటి దగ్గరా ఇదే దృశ్యం. ఇంటి వసారా నుంచి ధాన్యపు కొట్టం దాకా కప్పీ మీద నడిచే తీగ కడతారు, మెట్ల మీద నిలబడే లాగి ఆరేస్తారు. వరసగా నల్ల ప్యాంట్లు పెద్దది నుంచి చిన్నది దాకా, తర్వాత గౌన్లు. మా ఆవిడ కారులోంచే లెక్కపెట్టి ‘ముగ్గురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు, ఒక పసిగుడ్డు’ అని తేల్చింది.

మాట కలపాలంటే

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడుంది. వాళ్ళ దగ్గర లేనివాటి గురించి అడగకండి. టీవీ లేదా, కారు లేదా, ఇంటర్నెట్ లేదా అని రోజూ వందమంది అడుగుతారు. చేస్తున్న పని గురించి అడగండి. ముందు ఏదైనా కొనండి, ఒక బుట్ట టమాటాలో, ఒక జాడీ ఆపిల్ బటరో (పేరుకే బటర్, నిజానికి ఉడికించిన ఆపిల్ గుజ్జు). తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యండి. మీకు పని తెలుసని వాళ్ళకు అర్థమైతే మిగతాది దానంతట అదే నడుస్తుంది.

ఆగస్టు చివర్లో ఒకసారి కూరగాయల బల్ల దగ్గర ఆగాం. వెనక పొగాకు కొట్టం. గోడలకు నిలువు చెక్కలు, ఒకటి విడిచి ఒకటి కిటికీ తలుపులా తెరిచి ఉన్నాయి. లోపల చూరు దాకా పచ్చి పొగాకు మొక్కలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒంగోలు వైపు మేం వర్జీనియా పొగాకును ఆకు ఆకుగా కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ అనే కొట్టంలో పొయ్యి వేడి మీద వారంలోపు ఆరబెట్టి క్యూరింగ్ చేస్తాం. ఇక్కడ నిప్పు జాడ లేదు. బల్ల దగ్గరున్న నలభై ఏళ్ళ రైతును అమ్మాయి చేత ‘మొక్క మొక్కంతా ఎందుకు కోస్తారు, ఆకు కింద నుంచి ముదరదా?’ అని అడిగించాను. అతను టోపీ వెనక్కి తోసి నన్ను ఒకసారి చూశాడు. బల్ల కుర్రాడికి అప్పజెప్పి కొట్టంలోకి తీసుకెళ్ళాడు.

నాలుగడుగుల చెక్క బద్ద. దాని కొసకు ఇనుప మొన తొడుగుతారు. కోసి వడలిన మొక్క కాండాన్ని ఆ మొనకు గుచ్చి లోపలికి నెడతారు, బద్దకు ఐదారు మొక్కలు. మొన తీసి తర్వాతి బద్దకు. గుచ్చే చోటు మొదలుకు నాలుగు వేళ్ళ పైన ఉండాలి, లేకపోతే కాండం చీలి మొక్క కింద పడుతుంది; ఆ చీలిన కాండం ఒకటి తీసి చూపించాడు. గాలికే రెండు మూడు నెలలు ఆరుతుంది. తేమ ఎక్కువైన రోజు ఆ నిలువు చెక్కలు మూస్తారు, పొడిగా ఉంటే తెరుస్తారు. చలికాలంలో నేలమాళిగలో కూర్చుని ఇంటిల్లిపాదీ ఆకు ఒలుస్తారు, తేమకు ఆకు మెత్తబడితేనే విరగదు. ఇది చుట్టల పొగాకు. మా గోదావరి లంకల్లో కూడా చుట్టలకు వేరే పొగాకు ఉందని చెప్తే, దాన్ని ఎండలో ఆరబెడతారా నీడలోనా అని అతనే ఎదురు అడిగాడు.

తర్వాత దుక్కి సంగతి వచ్చింది. అక్కడ పొలం పనికి గుర్రాలకంటే కంచరగాడిదలు ఎక్కువ, ఆరింటిని ఒకే వరసలో కడతారు. ఎండకు ఓర్చుకుంటాయి, కడుపునొప్పి వచ్చేదాకా మేత తినవు అన్నాడు. గడ్డి కట్టలు కట్టే యంత్రానికి ఇంజను ఉంటుంది, దాన్ని లాగేది మాత్రం కంచరగాడిదలే. ట్రాక్టరు కొట్టం దగ్గర బెల్టు తిప్పడానికే, అదీ ఇనుప చక్రాలతో. రబ్బరు టైర్లుంటే ఎవడో ఒకడు రోడ్డెక్కిస్తాడట. మీ దగ్గర ఏం కడతారంటే ఫోన్లో ఒంగోలు గిత్త ఫోటో చూపించాను. ఆ మూపురం చూసి కొడుకును కేకేశాడు. బ్రాహ్మన్ అని అమెరికాలో ఒక పశుజాతి ఉందని, దాని పుట్టుకలో మా నెల్లూరు పశువుల రక్తం కూడా ఉందని చెప్పాను. కాడి మూపురానికి ముందు ఆనుతుందా వెనకా అన్నది తేలేసరికి అమ్మాయి కారులో హారన్ కొట్టకుండా ఓపిక పట్టడం కష్టమైంది.

అలాగని ఊరికే ఒకరి పెరట్లోకి వెళ్ళిపోకండి. రోడ్డు మీద ‘గుడ్లు’, ‘క్విల్టులు’ (గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంతలు), ‘రూట్ బీర్’ (పేరుకే బీరు, మద్యం కాదు) అని చేత్తో రాసిన బోర్డు ఉంటేనే లోపలికి. ‘ఆదివారం అమ్మకం లేదు’ అని దాని కిందే రాసి ఉంటుంది. కొన్ని బల్లల దగ్గర మనిషి ఉండడు, డబ్బా మాత్రం ఉంటుంది. ధర చూసి డబ్బు వేసి చిల్లర మీరే తీసుకోవాలి. అందుకని ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దండిగా తెచ్చుకోండి. కార్డు చాలాచోట్ల చెల్లదు.

తిండి

శాకాహారులకు ఒక హెచ్చరిక. పచ్చిబీన్సులో పంది మాంసం ముక్కలు, నూడుల్సులో కోడి రసం, ‘పై’ (pie) అనే తీపి వంటకం పిండిలో పంది కొవ్వు ఉండటం మామూలు. ప్రతిదీ అడగండి. ‘మాంసం ఉందా’ అంటే లేదంటారు, కొవ్వు వాళ్ళకు మాంసం లెక్కలోకి రాదు. ‘లార్డ్ (పంది కొవ్వు) వాడారా, వెన్న వాడారా’ అని అడగాలి. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, టమాటాలు, వెన్న రాసిన వేడి ప్రెట్జెల్, ఆపిల్ బటర్, రూట్ బీర్ నిశ్చింతగా తీసుకోవచ్చు. ‘షూఫ్లై పై’ అని మొలాసిస్‌తో చేసేది ఒకటుంది, నోట్లో పెట్టుకుంటే ముదురుపాకం బెల్లం తిన్నట్టే. దాని పిండిపొరకు ఏం వాడారో అడిగి కొనండి. చౌ చౌ అనే తీపి పులుపు ఊరగాయ మా ఆవిడకు నచ్చలేదు, కారం లేని ఊరగాయ ఊరగాయేనా అంది. పులిహోర కట్టుకెళ్ళినా తప్పులేదు. ఏదైనా పార్కు బల్ల మీద తినండి, పొలం గట్టున కాదు.

కొందరు ఆమిష్ కుటుంబాలు ముందుగా చెప్పుకుంటే ఇంట్లో భోజనం పెడతారు. గైడుల ద్వారా ఏర్పాటవుతుంది. శాకాహారం అని ముందే చెప్పాలి. భోజనానికి ముందు అందరూ తల వంచి మౌనంగా ప్రార్థిస్తారు, ఆ నిమిషం ఫోను జేబులోనే ఉండాలి.

వేలంపాట

ఇదంతా చూశాక మళ్ళీ రావాలనిపిస్తే ఫిబ్రవరి చివర నుంచి వసంతమంతా జరిగే మడ్ సేల్స్ చూసుకోండి. ఊరి అగ్నిమాపక దళాలు వాలంటీర్లవి. వాటి ఖర్చు కోసం ఆమిష్ వాళ్ళు, బయటివాళ్ళు కలిసి పెట్టే వేలం ఇది. మంచు కరిగి నేలంతా బురదగా ఉండే కాలం కాబట్టి ఆ పేరు. గార్డన్‌విల్‌లో మార్చిలో జరిగేది పెద్దది. క్విల్టులు, బగ్గీలు, గుర్రాలు, నాగళ్ళు, పారలు, కుర్చీలు, అన్నీ ఒకేసారి వేర్వేరు చోట్ల పాడుతుంటారు. పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్ళ మధ్య నడిచినవాణ్ణి, ఆ పాటగాడి వేగం నాకే అందలేదు. ఆమిష్ మనుషుల మధ్య ఏ టికెట్టూ లేకుండా రోజంతా నిలబడగలిగే చోటు ఇది. చేత్తో కుట్టిన క్విల్టు వందల డాలర్లు పలుకుతుంది, మంచిదైతే వెయ్యి దాటుతుంది, ఊరికే ముట్టుకుని చూడటానికి ఎవరూ అడ్డం చెప్పరు.

పాత బూట్లు వేసుకెళ్ళండి, కారులో ఒక ప్లాస్టిక్ పట్టా వేసుకోండి. దూరంగా ఎక్కడో పొలంలో పార్కింగ్ ఉంటుంది, పెద్దవాళ్ళను ముందు దింపేయండి. పాడాలనుకుంటే పొద్దున్నే పేరు రాయించుకుని నంబరు తీసుకోవాలి. ఆ నంబరు చేతిలో ఉన్నంతసేపూ అవతలి వరసలో ఎడిసన్ నుంచి వచ్చిన తెలుగువాళ్ళెవరైనా కనిపించినా సరే, పలకరించడానికి చెయ్యి మాత్రం ఎత్తకండి.